పిట్ట ప్రాణానికి చందా

మా చెల్లి బతకాలంటే ముందు చచ్చిపోయేలా కనిపించాలని నాకు చెప్పినావిడ మా లైను మేడమ్, మాతో పని చేయించే సూపర్‌వైజరు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ ఎండాకాలం ఆవిడ మాకు చేసినంత మేలు రక్తం పంచుకున్నవాళ్లు కూడా చెయ్యలేదు. మేలు ఎంత నిజమో, ఆ తర్వాత జరిగిందీ అంతే నిజం.

మేమిద్దరం స్కూలు యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేసేవాళ్లం. నేను గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర, అది కాలర్లు కుట్టే మిషను మీద. రేకుల కప్పు కింద నూట ఇరవై మంది ఆడవాళ్లం, ఎనిమిది ఫ్యాన్లు. ఫ్యాన్లు గాలి కన్నా దూదినే ఎక్కువ విసిరేవి. మా చెల్లిని అందరూ పిట్ట అనేవారు. మనిషి పిడికెడు, నోరు మాత్రం షెడ్డంత. లైను మేడమ్ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, "ఏమ్మా, ఇది కాలరా, కుక్క చెవా?" అని అడిగే తీరుని అచ్చు దింపేసేది. మేడమ్ వెనకే నిలబడి ఉందని అందరం సైగలు చేసినా ఆపేది కాదు. చివరికి మేడమే నవ్వు ఆపుకోలేక, "నీ నోరు పడ, కుట్టవే ముందు," అని వెళ్లిపోయేది.

ఆ జబ్బు సంగతి కూడా అది నాకు నవ్వుతూనే చెప్పింది. పాపకు స్నానం చేయించి, తడి చేతులతో వంటగదిలోకి వచ్చి, "అక్కా, లోపల ఎవరో గుండీ కుట్టేశారే. చూడు," అని నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది. పక్కకు, చంక వైపు, బఠాణీ గింజంత ఉంది. గట్టిగా ఉంది. నొక్కినా కదల్లేదు. దానికప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. పాపకు ఐదు. పాప తండ్రి రెండేళ్ల కిందటే ఇంకో సంసారం చూసుకున్నాడు. మా అమ్మ పోయినప్పుడు పిట్టకు తొమ్మిదేళ్లు. అప్పట్నుంచి దానికి జడ వేసిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చుందీ నేనే. కాబట్టి దాని ప్రాణం మీద నాకు హక్కుందనుకున్నాను. ఆ అనుకోవడంలోనే అసలు తప్పంతా ఉందేమో.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తిన్నగా చెప్పింది. "ముందు మందు ఎక్కించి గడ్డని కరిగిద్దాం. నాలుగుసార్లు ఎక్కించాలి. తర్వాత ఆపరేషన్. చిన్న వయసు, మందు పనిచేస్తుంది. ఆలస్యం మాత్రం చెయ్యకండి." ఆ తర్వాత కింద కౌంటర్లో ఒకమ్మాయి ఎంతవుతుందో చిన్న కాగితం మీద రాసిచ్చింది. మేమిద్దరం తిండి మానేసి ఆరేళ్లు కుట్టినా అంత రాదు. పిట్ట ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఫోన్ నంబరేమోనే, సరిగ్గా చూడు," అంది.

సోమవారం పొద్దున పది గంటలకు లైను మేడమ్ మెయిన్ స్విచ్ ఆపేసింది. నూట ఇరవై మిషన్లు ఒక్కసారి ఆగితే ఆ నిశ్శబ్దానికి చెవులు నొప్పెడతాయి. "మన పిట్టకి ఇలా అయింది. తలా ఒకరోజు జీతం. ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే చెప్పండి, తర్వాత సణగొద్దు," అంది. ఒక్కరు కూడా సణగలేదు. ఇస్త్రీ సెక్షన్లో ఉండే ఒకావిడ, భారీ మనిషి, చెవి కమ్మలు అక్కడికక్కడే తీసి బల్ల మీద పెట్టింది. నేను ఏడ్చాను. పిట్ట కూడా ఏడ్చింది. అది ఏడవగా చూడటం షెడ్డులో అందరికీ అదే మొదలు.

షెడ్డు డబ్బులు మొదటి కీమోకి సరిపోయాయి. మిగతాదానికి లైను మేడమ్ డబ్బాల ఆలోచన చేసింది. బిస్కెట్ డబ్బాలకు మూత మీద చీలిక చేసి, చుట్టూ తెల్లకాగితం అంటించి, "ఒక చిన్న పాప తల్లిని బతికించండి" అని రాసి, పైన పిట్ట ఫొటో పెట్టాం. పసుపు రంగు బట్టల్లో, పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న ఫొటో. నలభై షాపుల్లో పెట్టి వచ్చాం. రెండు వారాలకు డబ్బాలు తెరిస్తే చిల్లర, బట్టల గుండీలు, ఒక చూయింగ్ గమ్ కాగితం.

లైను మేడమ్ ఫొటో వంక చాలాసేపు చూసింది. "ఇది ఉద్యోగానికి పెట్టుకున్న ఫొటోలా ఉందమ్మా. దీన్ని చూస్తే ఎవరికైనా ఉద్యోగం ఇవ్వాలనిపిస్తుంది కానీ డబ్బివ్వాలనిపించదు."

"అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది మేడమ్."

"అందుకే అంటున్నా. చూసేవాళ్లకి గుండె కలుక్కుమనాలి. బతకాలంటే ముందు పోయేలా కనపడాలి. నీకు చెప్పేదాన్ని కాదు, కానీ లోకం అలా ఉంది."

నేను పిట్టను అడగలేదు. అడిగితే ఒప్పుకోదని తెలుసు. అప్పటికి దానికి రెండో కీమో అయింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. మూడో రోజు మధ్యాహ్నం వాంతులు చేసుకుని చేసుకుని, బాత్‌రూం గడప మీదే, చల్లగా ఉందని నేలకు చెంప ఆనించి నిద్రపోయింది. నోరు తెరుచుకుని ఉంది. పక్కన ప్లాస్టిక్ తొట్టి. నేను తడిగుడ్డ తీసుకుని వెళ్లాను. ఆ గుడ్డ తొట్టి అంచు మీద వేసి, ఫోన్ తీశాను.

మొదటి ఫొటో చీకటిగా వచ్చింది. వెలుతురు దాని ముఖం మీద పడేలా తలుపు ఇంకొంచెం తెరిచాను. అయినా ఏదో తక్కువనిపించింది. పాప గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇలా రా. అమ్మ పక్కన కూర్చో."

"అమ్మ నిద్రపోతోంది కదా పెద్దమ్మా."

"అవును. కూర్చో. నవ్వకు."

"ఏడవాలా?"

"అక్కర్లేదు. నవ్వకపోతే చాలు."

పాప మోకాళ్లు ముడుచుకుని తల్లి తల దగ్గర కూర్చుంది. నేను తీశాను. బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, ఇంకొకటి తియ్యాల్సిన అవసరం రాలేదు. "అమ్మకి చెప్పకు," అన్నాను. పాప తలూపింది. తర్వాత తడిగుడ్డతో పిట్ట ముఖం తుడిచాను.

ఆ ఫొటో పెట్టాక డబ్బాలు వారానికి రెండుసార్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఫోన్లలోనూ తిరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్లు షెడ్డు గేటు దగ్గరికి వచ్చి ఇచ్చి వెళ్లారు. ఒకాయన కూతురి సైకిలు అమ్మి ఇచ్చాడు. నేను ఎక్కడికెళ్లినా కుర్చీ వేసేవారు, "మీ చెల్లెలికెలా ఉందమ్మా?" అని చెయ్యి పట్టుకునేవారు. ఇరవై ఏళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న నన్ను ఎవరూ అలా పలకరించలేదు. దాచడమెందుకు, నాకది బాగుండేది. "ఏం చెప్పనండీ, ముద్ద దిగట్లేదు," అంటూ ఉన్నదానికి రెండింతలు కలిపి చెప్పడం అలవాటైంది. పిట్ట ఆ రోజుల్లో గడప దాటట్లేదు. దానికేమీ తెలియదు.

మూడో కీమో అయ్యాక పది రోజులకు దానికి ఓపిక వచ్చింది. డాక్టరమ్మ గడ్డ సగానికి సగం కరిగిందని చెప్పింది. ఆ సంతోషంలో లైను మేడమ్ ఇచ్చిన విగ్గు పెట్టుకుని, పెదవులకు రంగు వేసుకుని, "పాపకి కేకు కొంటానే, పద," అంది. నేను ఆ వీధి వద్దు ఈ వీధి అన్నాను. ఎండగా ఉందన్నాను. అది వింటేగా. తిన్నగా మూలమీదున్న బేకరీకి నడిచింది.

గల్లాపెట్టె పక్కనే డబ్బా ఉంది.

"అమ్మా, చూడు, నేను!" అంది పాప. అని, వెంటనే నా వంక చూసి నోరు మూసుకుంది.

పిట్ట కొంచెం వంగి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. బేకరీ ఆయన లోపల్నుంచి కేకు తెచ్చి పొట్లం కడుతూ, "పాపం, ఎవరో యూనిఫారాల షెడ్డు పిల్లంటండీ. ఎక్కువ రోజులు ఉండదంటున్నారు. ఆ పసిదాని మొహం చూడండి, కడుపు తరుక్కుపోతుంది. మీకు తోచింది వెయ్యండి," అన్నాడు. ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేలా ఎక్కడుందని? విగ్గు, పెదవుల రంగు. పాపేమో గల్లాపెట్టె అంచు కిందే ఉండిపోయింది.

పిట్ట చేతిలో ఉన్న చిల్లరంతా ఒక్కొక్క నాణెమే ఆ చీలికలో వేసింది. "పాపం," అంది. పొట్లం తీసుకుంది.

దారిలో నేను ఏదో మొదలుపెట్టాను. మేడమ్ చెప్పిందనీ, ముందు ఫొటోకి ఏమీ రాలేదనీ. అది పాప చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. ఇంటి మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "పాపకి తల దువ్వి ఉండాల్సింది," అంది. అంతే. ఆ విషయం మళ్లీ మా మధ్య రాలేదు. తిడుతుందని వారం రోజులు ఎదురుచూశాను. తిట్టకపోయేసరికి, పోన్లే, అర్థం చేసుకుందనుకున్నాను.

బేకరీ ఆయన గుర్తుపట్టకపోయినా షెడ్డువాళ్లెవరో గుర్తుపట్టారు. పిట్ట పెదవులకు రంగేసుకుని కేకు పొట్లంతో వీధిలో తిరుగుతోందని పొద్దున్నకల్లా షెడ్డంతా పాకిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. ఆగకముందు కొన్ని చెవిన పడేవి. "ఫొటోలో అలా, బయట ఇలా." "మా పిల్లలకి కేకు కొని ఎన్నాళ్లయిందో." "అసలు జబ్బుందా, లేదా?" దానంగా వచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. దానమిచ్చినవాళ్లు మన పళ్లు లెక్కపెడతారని మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వారం డబ్బాల్లో మళ్లీ గుండీలు పడ్డాయి.

ఆదివారం పొద్దున లైను మేడమ్, ఇస్త్రీ ఆవిడ మా ఇంటికి వచ్చారు. మేడమ్ కుర్చీ అంచు మీద కూర్చుంది. ఇస్త్రీ ఆవిడ కూర్చోలేదు. గదంతా చూసింది. కిటికీలో ఆరేసిన బట్టలు, బల్ల మీద పెదవుల రంగు, గోడకి పాప గీసిన బొమ్మ.

"ఏమనుకోకమ్మా. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు. వాళ్లకి ఒక మాట చెప్పాలి కదా," అంది మేడమ్.

నేను ఆస్పత్రి కాగితాలన్నీ తెచ్చి పెట్టాను. ఇస్త్రీ ఆవిడ వాటిని ముట్టుకోలేదు. "కాగితాలదేముంది. మా మరిది కాలు విరిగిందని కాగితం తెచ్చి నెల రోజులు క్రికెట్ ఆడాడు."

పిట్ట నవ్వింది. నిజంగానే నవ్వింది. "మరేం చూస్తారు వదినా?"

ఇస్త్రీ ఆవిడ చూపు పిట్ట జాకెట్టు మీద ఉంది. చెవి కమ్మలు తీసిచ్చిన మనిషి. ఆ చెవుల్లో అప్పటికీ ఖాళీ కన్నాలే ఉన్నాయి. ఆ కన్నాలు చూస్తూ నేను ఏమాలోచించానో చెప్పనా? నాలుగో కీమో ఉంది, ఆపరేషన్ ఉంది, ఈవిడ బయటికెళ్లి ఏం చెబితే అదే జరుగుతుంది. అదొక్కటే ఆలోచించాను.

"చూపించెయ్యవే, పోనీ," అన్నాను. "ఒక్క నిమిషం. అందరం ఆడవాళ్లమేగా."

పిట్ట నా వంక చూసింది. దాని కళ్లలో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పాపను వంటగదిలోకి పంపి తలుపేసి వచ్చి, నిలబడే గుండీలు విప్పింది. లైను మేడమ్ లేచి గోడమీద క్యాలెండర్ చూడటం మొదలుపెట్టింది. ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్లి చూసింది. చూస్తే సరిపోలేదు, చెయ్యి పెట్టి, అచ్చం ఇస్త్రీ అయిన చొక్కాలో ముడత వెతికినట్టు వేళ్లతో వెతికింది.

"కరిగిందండీ," అంది పిట్ట. "ఇప్పుడు చిన్నదే. కిందటి నెల వచ్చి ఉంటే బాగా తెలిసేది."

ఇస్త్రీ ఆవిడ వేళ్లు ఒకచోట ఆగాయి. మొహం పాలిపోయింది. "ఉంది మేడమ్," అని, భోరుమని ఏడుస్తూ పిట్టను పట్టుకుంది. "నన్ను క్షమించు తల్లీ. నా నోట్లో పురుగులు పడ." పిట్ట ఆవిడ వీపు నిమిరింది. జాకెట్టు విప్పి ఉండగానే ఓదార్చింది. తర్వాత గుండీలు పెట్టుకుని, "టీ తాగి వెళ్లండి," అంది. వాళ్లు తాగారు కూడా.

వెళ్తూ వెళ్తూ మేడమ్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. "మేమిద్దరం చెప్తే నూట ఇరవై మంది నమ్మరు. శుక్రవారం జీతాలు. సాయంత్రం గేటు దగ్గర బల్ల వేయిస్తాను. దాన్ని ఒక గంట నిలబెట్టు. అందరూ కళ్లారా చూస్తారు."

"బుధవారం కీమో ఉంది మేడమ్. రెండు రోజులకి మనిషి నిలబడలేదు."

"అదే మంచిది," అంది ఆవిడ. అని, తన మాట తనకే వినపడినట్టు చూపు దించుకుని, "ఆపరేషన్ తేదీ దాటిపోతే ఏం చేస్తాం చెప్పు," అంది.

ఎన్నింటికి తీసుకురావాలని అడిగాను.

శుక్రవారం ఎండ నిప్పులు చెరిగింది. ఐదైనా రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. గేటు పక్కన బల్ల, బల్ల మీద డబ్బా, డబ్బా మీద ఆ ఫొటో, ఫొటో పక్కన పిట్ట. పాపను ఇంట్లో వదిలి రావడానికి మనిషి లేక, తీసుకొచ్చి నీడలో కూర్చోబెట్టాను. కీమో అయిన రెండో రోజు దాని ఒళ్లు నాకు తెలుసు. నోరంతా పుళ్లు, మంచినీళ్లు కూడా మంట. మనిషి గాలికి ఊగుతోంది. తలకు నీలం గుడ్డ కట్టుకుంది.

మొదటి లైను వాళ్లు జీతం కవర్లతో బయటికొస్తున్నారు. లైను మేడమ్ మెల్లగా దగ్గరికెళ్లి, "ఉక్కగా లేదూ? ఆ గుడ్డ తీసేస్తే తలకి గాలి తగుల్తుందేమోనమ్మా," అంది.

పిట్ట తల నుంచి గుడ్డ లాగేసింది. మడతపెట్టి డబ్బా పక్కన పెట్టింది. ఆడవాళ్లు ఆగిపోయారు. వాళ్లందరికీ ఆ తల మీద ఒకప్పుడు నడుము దాకా జడ ఉండేదని తెలుసు. ఒక్కొక్కరే వచ్చి వేసి వెళ్తున్నారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. కొందరు తల మీద చెయ్యి పెట్టి చూశారు. పిట్ట ప్రతి ఒక్కరికీ, "థాంక్స్ వదినా, థాంక్స్ అక్కా," అంటోంది. ఇస్త్రీ సెక్షన్ వాళ్లు గుంపుగా వచ్చేసరికి అది పడిపోయింది.

పడటం కూడా ఎలాగంటే, బల్ల మీదికి కాదు, వెనక్కి కాదు, తిన్నగా ముందుకి, వాళ్ల కాళ్ల దగ్గర. పాప అరిచిన అరుపు నాకింకా చెవిలో ఉంది. ఎవరో నీళ్లు తెచ్చారు. ఎవరో మిషన్ నూనె గుడ్డతో విసిరారు. ఇస్త్రీ ఆవిడ జీతం కవరు విప్పకుండానే డబ్బాలో కుక్కబోతే అది పట్టలేదు, మూత ఊడదీసి లోపల పడేసింది. ఆ మూత మళ్లీ పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు, అందరూ గుప్పెళ్లతో వేస్తున్నారు. ఆపరేషన్‌కి కావలసిందంతా ఆ ఒక్క సాయంత్రం, ఆ అరగంటలో వచ్చేసింది.

ఇంటికొచ్చాక దాని పెదవి కడిగాను. పక్కకు చిట్లి రక్తం గడ్డకట్టింది. మోచెయ్యి దోక్కుపోయింది. పాప దాని ఒళ్లో తల పెట్టుకుని అలా ఏడ్చి ఏడ్చి పడుకుంది. పిట్ట పైకప్పు వంక చూస్తూ అడిగింది.

"బాగా పడ్డానా అక్కా?"

నేను దూది నీళ్లలో ముంచాను.

"చాలకపోతే చెప్పు. వచ్చే శుక్రవారం ఇంకోవైపు పడతాను. గేటుకి అవతలున్నవాళ్లకి సరిగ్గా కనపడి ఉండదు."

అది మనుషుల్ని అనుకరించడంలో ఆరితేరిన మనిషి. నడక, నవ్వు, దగ్గు, ఏదైనా దింపేసేది. కానీ నటించేవాళ్ల పెదవి అలా చిట్లుతుందా? అడగాలనుకున్నాను. అవునంటే ఒక భయం, కాదంటే ఇంకో భయం. అడగలేదు. దూదితో మళ్లీ తుడిచాను.

ఆపరేషన్‌లో రొమ్ము మొత్తం తీసేశారు. తీసిన కండ అంచుల్లో జబ్బు ఆనవాళ్లు లేవని, చంకలో కూడా ఏమీ లేదని పది రోజులకు డాక్టరమ్మ చెప్పింది. "అదృష్టవంతురాలు. సమయానికి వచ్చారు," అంది. ఆ మాట విని నేను ఆస్పత్రి వరండాలో నేలమీద కూలబడి ఏడ్చాను. పిట్ట కట్టు మీద చొక్కా సర్దుకుంటూ, "పాపకి స్కూలెప్పుడు తెరుస్తారో కనుక్కోవాలి," అంది. ఆ రోజుల్లో నాతో ఎక్కువగా మాట్లాడేది కాదు. నొప్పి వల్ల అనుకున్నాను.

స్కూళ్లు తెరిచారు. మేం కుట్టిన యూనిఫారాలు వేసుకుని పిల్లలు షెడ్డు ముందునుంచే వెళ్తున్నారు. తొలి వాన పడి ఎండ విరిగింది. లైను మేడమ్ క్యాంటీన్లో మీటింగ్ పెట్టింది. "మన పిట్ట మనకి దక్కింది," అని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. చప్పట్లు ఆగలేదు. పిట్ట లేచి నిలబడింది. స్పీచ్ ఇస్తుందనుకున్నాం. ఇవ్వలేదు. మొదటి వరస నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముందూ ఆగి, రెండు చేతులూ జోడించి, "చాలా థాంక్సండీ. మీరు చేసిన మేలు మర్చిపోను," అంటూ వచ్చింది. ఒక చెయ్యి సరిగ్గా లేవట్లేదు, అయినా జోడించింది. లైను మేడమ్‌కి అదే మాట. ఇస్త్రీ ఆవిడకి అదే మాట. నూట ఇరవై మందికీ అదే మాట, అదే గొంతు, ఎక్కువా తక్కువా లేకుండా.

నేను చివర్లో, మంచినీళ్ల కుళాయి పక్కన నిలబడి ఉన్నాను. నా ముందుకొచ్చి ఆగింది. చేతులు జోడించింది.

"చాలా థాంక్సండీ. మీరు చేసిన మేలు మర్చిపోను."

క్యాంటీనంతా గొల్లున నవ్వింది. మన పిట్ట మళ్లీ మొదలుపెట్టిందిరా అనుకున్నారు అందరూ. నేనూ నవ్వాను. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, దాని భుజం మీద చెయ్యి వేయబోయాను. అది మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసి, నా వెనక ఉన్న కుళాయి దగ్గరికి వెళ్లి నీళ్లు తాగింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి దాని గొంతు వినపడింది. "వచ్చారా? టీ పెట్టమంటారా?"

ఎవరో చుట్టాలొచ్చారనుకుని లోపలికి చూశాను. గదిలో ఎవరూ లేరు. నేనే.

నాలుగేళ్లయింది. ఇంకో ఏడాది గడిస్తే ఇక భయం లేదన్నారు డాక్టర్లు. పిట్టకు జుట్టు వచ్చింది, ముందుకన్నా ఒత్తుగా. మళ్లీ కాలర్లు కుడుతోంది. మళ్లీ మేడమ్‌ని అనుకరిస్తోంది, షెడ్డు మళ్లీ నవ్వుతోంది. మేం ముగ్గురం ఆ రెండు గదుల్లోనే ఉంటున్నాం. నాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చుంటుంది. నా బట్టలు తనే ఉతుకుతుంది. ఒక్క పల్లెత్తు మాట అనదు. "నిద్ర పట్టిందాండీ?" "మీ మందు వేసుకున్నారా?" "మీరు కూర్చోండి, నేను చేస్తాను." బయటివాళ్లు చూసి, అక్కంటే ఎంత గౌరవమో అంటారు.

మొన్నొక రోజు భోజనం దగ్గర నేనిక ఆగలేకపోయాను. పాప స్కూల్లో ఉంది. ఇద్దరమే ఉన్నాం.

"ఒక్కసారి తిట్టవే," అన్నాను. "ఏమే, నీకు సిగ్గుందా అని ఒక్కసారి అడుగు. చెంప మీద కొట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను."

అది చెయ్యి ఆపి, నా వంక చూసింది. కళ్లలో ఎంత దయ ఉందో చెప్పలేను.

"అయ్యో, అదేం మాటండీ? ప్రాణం పోసినవాళ్లని ఎవరైనా తిడతారా?" అంది. గిన్నె నా వైపు జరిపింది. "కూర వేసుకోండి. మీరసలేం తినట్లేదు."